తిథి చంద్రునిది, వాన సూర్యునిది

దీపావళి వెళ్లి కార్తీకమాసం ప్రవేశించగానే ఆత్మకూర్ ప్రాంతపు దారులన్నీ కురుమూర్తి వైపు తిరుగుతాయి. బండ్లు, బస్సులు, కాలినడకన పోయేవారు, డప్పులు, భజన బృందాలు, అన్నీ ఆ ఏడు కొండల నడుమ కూడుతాయి. పాట ఆరుబయట, నిద్ర ఆరుబయట, వంట ఆరుబయట. పైకప్పు ఆకాశమే. ఐతే ఆ ఆకాశం అన్ని సంవత్సరాలూ ఒకే తీరున ఉండదు. ఒక ఏడు వెన్నెల కాస్తుంది, ఒక ఏడు మంచు కురుస్తుంది, మరొక ఏడు ముసురు పట్టి డప్పు పలకదు. తిథి మారలేదు, మాసం మారలేదు. వాతావరణం మాత్రం ఎందుకు మారుతున్నది? ఈ ప్రశ్నకు సమాధానం వెదికితే మన పంచాంగం చరిత్ర, రుతుపవనాల తీరు, తోలు వాద్యాల స్వభావం మూడూ ఒకే చోట కలుస్తాయి.

ఆత్మకూర్ నుండి కురుమూర్తికి

నేడు వనపర్తి జిల్లాలో ఉన్న ఆత్మకూర్, 2016 వరకు మహబూబ్‌నగర్ జిల్లాలోనిది. అంతకు పూర్వం నిజాం రాజ్యంలోని అమరచింత సంస్థానానికి ఇదే రాజధాని. ముక్కెర వంశీయులు ఈ సంస్థానాన్ని పాలించారు. గద్వాల, వనపర్తి సంస్థానాల వలె ఇది కూడ పండితులను, కవులను ఆదరించిన చోటు. చిన్నచింతకుంట మండలంలోని అమ్మాపూర్ దగ్గర కొండలపై ఉన్న కురుమూర్తి స్వామి ఆలయానికి ఈ సంస్థానంతో అనుబంధం ఎక్కువ. స్వామి ఆభరణాలను ఆత్మకూర్‌లో భద్రపరచి, ఉత్సవాలకు ఊరేగింపుగా తీసుకొనిపోవడం ఆచారం.

జాతరలో ముఖ్యమైన ఘట్టం ఉద్దాల ఉత్సవం. ఉద్దాలంటే పాదరక్షలు. వడ్డేమాన్ గ్రామంలో నియమనిష్ఠలతో తయారైన స్వామి పాదరక్షలను కార్తీక శుద్ధ పక్షంలో వాద్యాల మోతతో కొండకు తెస్తారు. ఇక్కడ ఒక విషయం గమనింపదగినది. ఉద్దాలూ తోలువే, వాటి ముందు మోగే డప్పూ తోలుదే. రెంటికీ తడి పడదు. అందుచేత ఈ ఉత్సవానికి, ఆకాశానికి గల సంబంధం కేవలం యాత్రికుల సౌకర్యానికి సంబంధించినది కాదు.

పండుగ లెక్క, పైరు లెక్క

మన పల్లెలలో కాలాన్ని రెండు విధాలుగా లెక్కిస్తారు. పండుగలకు తిథి, సేద్యానికి కార్తె. ఈ రెండూ ఒకే పంచాంగంలో పక్కపక్కనే అచ్చయి ఉంటాయి కాబట్టి తేడా మనకు సులభంగా తోచదు.

తిథి చంద్రగమనాన్ని బట్టి ఏర్పడుతుంది. అమావాస్య నుండి అమావాస్య వరకు సుమారు 29 1/2 రోజులు. అట్టి మాసాలు పన్నెండు కలిస్తే 354 రోజులు. సూర్యుని బట్టి సంవత్సరానికి 365 రోజులకు పైగా ఉన్నవి. ఏటా దాదాపు 11 రోజుల లోటు. దీనిని సరిచేయడానికి సుమారు 32, 33 మాసాలకు ఒకసారి అధికమాసం చేరుస్తారు. 19 సంవత్సరాలలో ఏడు అధికమాసాలు వస్తాయి. ఈ సర్దుబాటు వలన పండుగలు ఋతువుల నుండి మరీ దూరం పోవు. కాని ఒక నెల మేర అటూ ఇటూ ఊగుతూనే ఉంటాయి. 2025లో కార్తీక శుద్ధ పాడ్యమి అక్టోబరు 22న వచ్చింది. 2023లో అదే పాడ్యమి నవంబరు 14న వచ్చింది. తిథి ఒక్కటే, నడుమ మూడు వారాలకు పైగా తేడా!

కార్తె మాట వేరు. సూర్యుడు ఒక్కొక్క నక్షత్రంలో ఉండే సుమారు పదమూడు, పధ్నాలుగు రోజుల కాలమే కార్తె. మృగశిర కార్తె ఏటా జూన్ 8 ప్రాంతంలోనే వస్తుంది. స్వాతి కార్తె ఏటా అక్టోబరు చివరి వారంలోనే మొదలవుతుంది. విత్తనం వేయవలసిన రైతు తిథిని అడగడు, కార్తెను అడుగుతాడు. వానలు సూర్యుని అనుసరించి వస్తాయని అతనికి అనుభవం నేర్పింది. ఎండకాలంలో నేల వేడెక్కడం, ఆ వేడికి సముద్రం మీది గాలి తేమతో లోపలికి రావడం, సూర్యుడు దక్షిణానికి జరిగాక ఆ గాలి వెనుదిరగడం, ఇదంతా సూర్యుని నడక. చంద్రునికి ఇందులో పాలు లేదనే చెప్పవచ్చు.

అంటే రైతు సూర్యుని లెక్క పెట్టుకొని చేను దున్నుతాడు. అదే రైతు చంద్రుని లెక్క పెట్టుకొని జాతరకు పోతాడు. చేనిలో వానను ఎదురుచూసినవాడే జాతరలో వానకు చిక్కుకోవడానికి మూలం ఈ రెండు లెక్కల మధ్యనే ఉన్నది.

దీనికి తోడు మరొక నెమ్మదైన జరుగుబాటు ఉన్నది. సిద్ధాంత గ్రంథాలలోని సంవత్సరం సుమారు 365.2588 రోజులు. ఋతువులు తిరిగివచ్చే నిజమైన కాలం 365.2422 రోజులు. భేదం అత్యల్పం, ఐనా 60 ఏళ్లకు ఒక రోజు అవుతుంది. 1952లో మేఘనాథ సాహా అధ్యక్షతన ఏర్పడిన పంచాంగ సంస్కరణ సంఘం దీనిని వివరంగా పరిశీలించింది. సుమారు 1400 సంవత్సరాలలో మన మాసాలు ఋతువుల కంటె దాదాపు 23 రోజులు వెనుకబడ్డాయని తేల్చింది. ఆ సంఘం సూచించిన శక పంచాంగం 1957 మార్చి 22 నుండి ప్రభుత్వ వ్యవహారంలోకి వచ్చింది. పండుగలు మాత్రం పాత లెక్కతోనే నడుస్తున్నవి.

తిథికి అందని వాన

దక్షిణ తెలంగాణ మెట్ట భూమి. ఇక్కడ సంవత్సర వర్షపాతం అధికం కాదు. అందులో ఎక్కువ భాగం జూన్ నుండి సెప్టెంబరు వరకు నైరుతి పవనాల వలన కురుస్తుంది. అక్టోబరు నడిమికి ఆ పవనాలు తెలంగాణను విడిచిపోవడం మామూలు. ఆశ్వయుజ కార్తీకాలలో బతుకమ్మ, దసరా, దీపావళి, జాతరలు వరుసగా రావడానికి ఇది అనువైన కాలమే. చెరువు నిండి ఉంటుంది, తంగేడు పూసి ఉంటుంది, పంట చేతికి వస్తూ ఉంటుంది, ఆకాశం తేటపడుతూ ఉంటుంది.

కాని ఇదే సమయం బంగాళాఖాతానికి తుపానుల కాలం. వానకాలపు నడుమ నెలలలో కింది గాలి ఒక దిక్కుకు, పైగాలి మరొక దిక్కుకు బలంగా వీస్తుండడం చేత వాయుగుండాలు ఎత్తుగా ఎదిగి తుపానులు కావడం అరుదు. అక్టోబరు, నవంబరులలో ఆ అడ్డు తగ్గుతుంది. సముద్రజలం ఇంకా వెచ్చగానే ఉంటుంది. అందుచేత తేటపడిన ఆకాశం రెండు రోజులలో మూసుకొనిపోగలదు.

చరిత్రను చూడండి. 1908 సెప్టెంబరు 28న హైదరాబాదులో మూసీ పొంగి వేలాది మందిని పొట్టన పెట్టుకొన్నది. తిథి ప్రకారం అవి ఆశ్వయుజ శుద్ధంలోని తొలి రోజులు, అనగా బతుకమ్మ ఆడే రోజులు. ఆ విపత్తు తరువాతనే మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాలు, ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలు వచ్చినవి. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన కార్తీక శుద్ధ పక్షంలో వచ్చింది. 2009లో దసరా వెళ్లిన నాలుగు రోజులకే, అక్టోబరు 2న, కృష్ణా తుంగభద్రలు ఎన్నడు ఎరుగని రీతిగా పొంగి కర్నూలును, అలంపురం ప్రాంతాన్ని ముంచివేశాయి. శ్రీశైలం జలాశయానికి ఆనాడు 25 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు వచ్చింది.

పండుగ ముందు వస్తే ప్రమాదం, వెనుక వస్తే క్షేమం అనడానికి కూడ వీలు లేదు. 2025లో కార్తీకం ముందుగా వచ్చింది. అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటి, మరునాడు తెలంగాణలో కుండపోతగా కురిసింది. అప్పటికి శుద్ధ పక్షం సగానికి వచ్చింది. 2023లో కార్తీకం ఆలస్యంగా వచ్చింది. ఆ ఏడు డిసెంబరు 5న మిగ్‌జాం తుపాను బాపట్ల వద్ద తీరాన్ని తాకింది. అప్పటికీ కార్తీకమాసం ముగియలేదు.

సూర్యుని లెక్కపై తేదీ పెట్టుకొన్నవారికైనా ఈ చిక్కు తప్పలేదు. 1969 ఆగస్టులో అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో ఉడ్‌స్టాక్ పేరుతో ఒక పొలంలో సంగీతోత్సవం జరిగింది. సుమారు నాలుగు లక్షల మంది చేరారు. 17వ తేదీ మధ్యాహ్నం గాలివాన విరుచుకుపడి కచేరీ గంటల తరబడి ఆగింది. పొలమంతా బురద అయింది. మరొక ఉదాహరణ మనకు దగ్గరది. త్యాగరాజస్వామి ఆరాధన ఏటా తిరువయ్యారులో కావేరి ఒడ్డున పుష్య బహుళ పంచమి నాడు జరుగుతుంది. ఆయన 1847 జనవరి 6న సిద్ధిపొందిన తిథి అది. జనవరి మొదలుకొని ఫిబ్రవరి ఆరంభం వరకు ఎప్పుడైనా రావచ్చు. అప్పటికి ఆ ప్రాంతంలో ఈశాన్యపు వానలు చాలవరకు వెనుకబడి ఉంటాయి. వాన చూసి పెట్టుకొన్న రోజు కాదు, అనుకోకుండా అనువైన కాలంలో పడింది, అంతే.

డప్పును ఎందుకు కాచాలి?

వాతావరణం మార్చలేనిదైతే, దానికి వాద్యకారులు ఏ ఉపాయం కనిపెట్టారు? డప్పు కళాకారుని చూడండి. వాయించడానికి ముందు కొద్దిపాటి మంట వేసి డప్పును కాచి, వేలితో తట్టి చూస్తాడు. పలుకు తేలేవరకు మళ్లీ కాస్తాడు. ఇది కేవలం ఆచారం కాదు, చక్కని భౌతికశాస్త్రం.

డప్పుకు కట్టేది మేకతోలు. తోలులో ముఖ్యమైన పదార్థం కొల్లాజెన్ అనే పోగులు. ఇవి గాలిలోని తేమను పీల్చి సాగుతాయి. తోలు సాగితే బిగువు, అనగా తన్యత, తగ్గుతుంది. పైగా పీల్చిన నీటి వలన తోలు బరువెక్కుతుంది. బిగించిన పొర ఒక సెకనులో ఎన్నిసార్లు కంపిస్తుందో ఆ సంఖ్య, అనగా పౌనఃపున్యం, తన్యత వర్గమూలానికి అనులోమంగా ఉంటుంది. తన్యత నూటికి 19 వంతులు తగ్గితే పౌనఃపున్యం నూటికి 10 వంతులు తగ్గుతుంది. బరువెక్కిన పొర ఇంకా మందంగా కంపిస్తుంది. కనుకనే ముసురులో డప్పు ‘ఖణేల్’ మనక ‘దబ్’ మంటుంది. మంట సెగ తగలగానే తేమ ఆవిరై, పోగులు ముడుచుకొని, పొర తిరిగి బిగుస్తుంది.

విద్యార్థులు దీనిని బడిలోనే పరీక్షించవచ్చు. ఒక డప్పును ఎండలో పెట్టి మోగించండి. తరువాత తడిగుడ్డతో తోలును తేలికగా తుడిచి, పది నిమిషాలాగి మళ్లీ మోగించండి. తిరిగి ఎండబెట్టి మూడవసారి వినండి. తేడాను హార్మోనియం మెట్లతో పోల్చి చూస్తే పౌనఃపున్యం ఎంత మారినదీ సుమారుగా తెలుస్తుంది.

మృదంగం విషయం మరికొంత సున్నితమైనది. మామూలు గుండ్రని పొరను కొడితే వెలువడే అతిస్వరాలు మూలస్వరానికి 1.59, 2.14, 2.30 రెట్లు, ఇట్లా పొంతన లేకుండా ఉంటాయి. మృదంగం కుడివైపున వేసే నల్లని కరణి వలన అవి 2, 3, 4 రెట్లుగా పూర్ణాంకాలకు దగ్గరవుతాయి. సి.వి. రామన్ 1920లో ఈ సంగతిని లోకానికి వెల్లడించారు. కాబట్టి మృదంగం ఒక శ్రుతిలో పాడగలదు. ఆ శ్రుతి చెదిరితే పాటగాని చెవికి వెంటనే తెలిసిపోతుంది. తేమగాలిలో మార్దంగికుడు మాటిమాటికి మూకుటి అంచును తట్టి శ్రుతి సరిచేసుకోవడం మనం చూస్తాము. డప్పుకు అంత శ్రుతి నియమం లేదు. దాని పని తాళం, దూరానికి వినబడడం. అందువలన మంట సెగ అనే మోటైన ఉపాయమే దానికి సరిపోయింది. ఆరుబయటి పండుగకు డప్పు తగిన వాద్యం కావడానికి ఇది ఒక కారణం.

సన్నాయి, వేణువు వంటి ఊదే వాద్యాలలో మరొక తమాషా ఉన్నది. వాటి శ్రుతి లోపలి గాలిలో ధ్వనివేగంపై ఆధారపడుతుంది. 20 డిగ్రీల సెంటీగ్రేడ్ వద్ద ధ్వని సెకనుకు 343 మీటర్లు పోతుంది, 30 డిగ్రీల వద్ద 349 మీటర్లు. అనగా పది డిగ్రీల వేడికి శ్రుతి నూటికి దాదాపు రెండు వంతులు పెరుగుతుంది. పగటి ఎండలో సరిపోయిన సన్నాయి, కార్తీకపు తెల్లవారుజామున కొంచెం దిగిపోవడానికి కారణం ఇదే.

గాలిలో పాట ప్రయాణం

రాత్రి జాతర పాట మైళ్ల దూరానికి వినబడుతుంది. అదే పాట మట్టమధ్యాహ్నం పక్క ఊరికైనా చేరదు. రాత్రి నిశ్శబ్దం ఒక కారణం, కాని అదొక్కటే కాదు. పగలు నేలకు దగ్గరి గాలి వేడి, పై గాలి చల్లన. వేడి గాలిలో ధ్వని వేగం ఎక్కువ. అందుచేత ధ్వని తరంగం క్రమంగా పైకి వంగి మన తలల మీదుగా పోతుంది. రాత్రి నేల చల్లబడి వ్యవస్థ తారుమారవుతుంది. ధ్వని కిందికి వంగి దూరపు చెవికి చేరుతుంది. ఇదే వక్రీభవనం.

గాలి వీచే దిక్కు కూడ ఇట్లే పనిచేస్తుంది. నేల మీద చెట్లు, గుట్టలు అడ్డుకోవడం చేత కింది గాలి నెమ్మది, పై గాలి వేగం. గాలివాలుకు పోయే ధ్వని కిందికి వంగుతుంది, ఎదురుగాలికి పోయేది పైకి వంగుతుంది. 1857లో స్టోక్స్ అనే శాస్త్రజ్ఞుడు దీనిని వివరించాడు. మబ్బు కమ్మిన పగటివేళ నేల వేడెక్కదు కనుక ధ్వని పైకి పోవడం తగ్గి, దూరపు చప్పుళ్లు దగ్గరగా వినిపిస్తాయి. దూరపు రైలుకూత స్పష్టంగా వినబడితే వాన వస్తుందని పెద్దలు అనడంలో కొంత అర్థం ఉన్నది.

గ్రహణం చెప్పగలం, వాన చెప్పలేమా?

1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణాన్ని హైదరాబాదుకు చేరువలోని జపాల్-రంగాపూర్ వేధశాల నుండి శాస్త్రజ్ఞులు పరిశీలించారు. అది ఏ నిమిషంలో పడుతుందో ఎన్నో ఏళ్ల ముందే తెలుసు. అట్లే వచ్చే సంవత్సరం కార్తీక పౌర్ణమి ఎప్పుడో నేడే చెప్పగలము. ఆనాడు వాన కురుస్తుందా అంటే మాత్రం చెప్పలేము. సామాన్యునికి ఇది వింతగా తోస్తుంది.

భారత వాతావరణ శాఖ 1875లో ఏర్పడింది. 1864లో కలకత్తాను ధ్వంసం చేసిన తుపాను, తరువాతి కరవులు అందుకు ప్రేరకాలు. 1904లో ఆ శాఖకు అధిపతిగా వచ్చిన గిల్బర్ట్ వాకర్ గొప్ప గణితజ్ఞుడు. వేణువు నిర్మాణాన్ని గూర్చి కూడ శ్రద్ధగా ఆలోచించినవాడు. పసిఫిక్ మహాసముద్రపు ఒక అంచున పీడనం పెరిగితే రెండవ అంచున తగ్గుతుందని, ఈ ఊగిసలాటకు మన వానలకు సంబంధమున్నదని ఆయన గుర్తించాడు. సంవత్సరపు వానల మొత్తం అంచనాకు అది దారి చూపింది. ఫలానా రోజున ఫలానా ఊరిలో కురుస్తుందా అనే ప్రశ్న మిగిలిపోయింది.

1963లో ఎడ్వర్డ్ లోరెంజ్ అందుకు కారణం చూపాడు. చంద్రగమనంలో నేటి లెక్కలో చిన్న పొరపాటు ఉంటే రేపటి లెక్కలోనూ చిన్న పొరపాటే ఉంటుంది. వాయుమండలంలో అట్లా కాదు. నేటి కొలతలోని అతి చిన్న తేడా కొద్ది రోజులలో పెరిగి ఫలితాన్నే మార్చివేస్తుంది. ఎంత గొప్ప యంత్రం లెక్క కట్టినా సుమారు రెండు వారాలకు మించి రోజువారీ వాతావరణం చెప్పడం సాధ్యం కాదని నేటి అవగాహన. కాబట్టి ఉగాదినాడు చేతికి వచ్చే పంచాంగంలో జాతర తిథి ఉండగలదు, జాతరనాటి వాన ఉండజాలదు. ఇది పంచాంగకర్త లోపం కాదు, ప్రకృతి స్వభావం.

ఐతే ఆ రెండు వారాల లోపల శాస్త్రం చేయగలిగింది ఎంతో ఉన్నది. ఉపగ్రహాల చిత్రాల వలన వాయుగుండాన్ని పుట్టుకలోనే చూడగలము. తుపాను దారిని మూడు, నాలుగు రోజుల ముందే చెప్పగలము. డాప్లర్ రాడార్ మూడు గంటల లోపల రాబోయే ఉరుముల వానను పట్టగలదు. ఈ మూడు గడువులను గుర్తుంచుకోవాలి. తుపానుకు రోజులు, ఉరుములవానకు గంటలు, పిడుగుకు క్షణాలు.

జాతరకు పోయేవారికి

మెట్ట ప్రాంతపు కొండలు చాలవరకు నల్లరాతివి. పైన మట్టి పలుచన. కురిసిన నీరు ఇంకక వెంటనే వాగులకు చేరుతుంది. ఎగువన కురిసిన వాన ఇక్కడ ఆకాశం తేటగా ఉండగానే ఊకచెట్టు వాగు వంటి వాగులను పొంగించగలదు. సుమారు 30 సెంటీమీటర్ల లోతు గల ప్రవాహం చిన్న కారునైనా తేల్చి పక్కకు నెట్టగలదు. పాట వినే తొందరలో పారుతున్న వాగు దాటరాదు.

మెరుపు కనబడిన తరువాత ఉరుము వినబడేవరకు సెకనులు లెక్కపెట్టండి. మూడు సెకనులకు ఒక కిలోమీటరు. లెక్క 30కి లోపల ఉంటే పిడుగు పది కిలోమీటర్లలోపు ఉన్నట్లు. అప్పుడు ఆరుబయట ఉండరాదు. చింతచెట్టు కింద, ఇనుప రేకుల పందిరి గుంజ దగ్గర, మైకు తీగల పక్కన నిలబడరాదు. పక్కా భవనంలోకి గాని, తలుపులు మూసిన బస్సులోకి గాని పోవాలి. చివరి ఉరుము తరువాత అరగంట ఆగి బయటికి రావాలి. ఈ లెక్కను ఆరవ తరగతి విద్యార్థి కూడ ఇంటివారికి నేర్పగలడు.

వాతావరణ శాఖ నేడు హెచ్చరికలను రంగులతో ఇస్తున్నది. పసుపు అంటే గమనించండి, నారింజ అంటే సిద్ధంగా ఉండండి, ఎరుపు అంటే వెంటనే జాగ్రత్త తీసుకోండి. ఉపాధ్యాయులు జాతర రోజులలో ప్రార్థన సమయాన ఈ రంగును చదివి వినిపిస్తే ఆ మాట ప్రతి ఇంటికి చేరుతుంది.

తిథి మనుషులను కలుపుతుంది. తారీకు తెలియని పల్లెవాడు సైతం ఆకాశంలో చంద్రుని చూసి జాతరకు బయలుదేరగలిగాడు. వందలాది గ్రామాలు ఒకే రోజున ఒకే చోట చేరడానికి అంతకు మించిన గడియారం పూర్వం లేదు. ఆ పని నేటికీ అది చక్కగా చేస్తున్నది. వాన సంగతి దానిని అడగడం న్యాయం కాదు. జాతర ఎన్నడో పంచాంగంలో చూద్దాం, ఆనాటి ఆకాశాన్ని వాతావరణ సూచనలో చూద్దాం. డప్పును మాత్రం ఎప్పటివలెనే మంట దగ్గర కాచుకొందాం.